బొట్టు లేని జాలీ

నేను ఒక ఇనుప జాలీని. కిటికీకి బిగించే రకం కాదు, కోళ్లగూటికి చుట్టే రకమూ కాదు. పత్తి మిల్లులో తిరిగే బెల్టుకీ, మనిషి చేతికీ మధ్య నిలబడటానికి పుట్టినదాన్ని. మిల్లులో నన్ను గార్డు అంటారు. నేను నిలబడాల్సిన చోట నిలబడిన రోజులన్నీ కలిపినా మొన్నమొన్నటి దాకా నెల నిండలేదు. మిగతా ఆరేళ్లూ స్టోరు గదిలో గోడకి ఆనుకుని పగ పెంచుకుంటూ కూర్చున్నాను.

పగ కూడా తుప్పులాంటిదే. ముందు ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. తుడిస్తే పోయిందనుకుంటారు. నాకు మాత్రం తుప్పు పట్టనివ్వలేదు. ఏడాదికోసారి పసుపుపచ్చ రంగు వేసి కొత్తదానిలా ఉంచారు. పైకి రాలేనిదంతా లోపలికి పట్టింది.

నన్ను చేసింది ఆటోనగర్‌లో దావీదు అనే వెల్డరు. నాలుగు యాంగిల్ ముక్కలతో చట్రం కట్టి, దానికి జాలీ అతికించాడు. పని అయ్యాక తన చిటికెన వేలు నా కంతల్లో పెట్టి చూశాడు. ఒకచోట కాదు, పైనా కిందా మూలల్లో, పది పన్నెండు చోట్ల. ఎక్కడా వేలు దూరలేదు. అతని చూపుడు వేలుకి మొదటి కణుపు లేదు. అది ఏ మిషన్లో పోయిందో అతను చెప్పలేదు, నేను అడగలేను. కానీ ఆ మొండి వేలితోనే నా చట్రం మీద రెండుసార్లు తట్టి, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. నా జీవితంలో నాకు ఎవరైనా పని అప్పగించింది ఆ ఒక్కసారే.

నన్ను తెప్పించింది పానకాలరావుగారు, నల్లరేగడి నేలల మధ్య పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లుకి యజమాని. గార్డు లేకపోతే లైసెన్సు రాదని ఎవరో చెబితే తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా పగకి ఇదే పెద్ద అడ్డంకి. చెడ్డవాడైతే పగ తేలిక. ఈయన రోజూ తెల్ల చొక్కాతో వచ్చి, అమ్మవారి పటానికి అగరొత్తులు వెలిగించి, మిషను మెయిన్ స్విచ్చుని కళ్లకద్దుకుని మరీ వేస్తాడు. పనివాళ్ల ఇళ్లలో పెళ్లి అంటే ముందు వరసలో కూర్చుంటాడు. స్విచ్చుని కళ్లకద్దుకునే మనిషికి ఆ స్విచ్చు వేస్తే తిరిగే బెల్టు మాత్రం కనిపించదు.

నేను బెల్టు ముందు మొదటిసారి నిలబడింది పదకొండు రోజులు. బెల్టు నిండా దూది చుట్టుకునేది. గంటకోసారి మిషను ఆపి, నా నాలుగు బోల్టులు విప్పి, దూది లాగి, మళ్లీ బిగించాలి. పన్నెండో రోజు సూపర్‌వైజరు గురవయ్య విసుక్కున్నాడు.

"గంటకోసారి విప్పి పెట్టడానికి ఇవేమన్నా చొక్కా గుండీలా? తీసి లోపల పడెయ్యండి."

పడేశారు. అంతే, అదేమీ పెద్ద కుట్ర కాదు. కుట్రయితే నాకు కాస్త గౌరవమైనా మిగిలేది.

ఆ తర్వాత నేను బయటికి వచ్చిందంతా తనిఖీ రోజుల్లోనే. గేటు దగ్గర వాచ్‌మన్ గంట ఒకసారి కొడితే షిఫ్టు మారిందని, రెండుసార్లు కొడితే ఇన్‌స్పెక్టరు వచ్చాడని. రెండో గంట వినగానే ఇద్దరు పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకెళ్లేవారు. ఆఫీసు గదిలో అతిథి చేతిలో కొబ్బరి బొండాం అడుగుకి వచ్చేలోపు నేను నా చోట నిలబడి ఉండాలి. నాలుగు బోల్టుల్లో రెండే పెట్టేవారు, అవీ చేత్తో తిప్పి. వచ్చినవాళ్లు నన్ను చూసేవారు, తల ఊపి కాగితం మీద టిక్కు పెట్టుకునేవారు. వాళ్ల జీపు రోడ్డెక్కగానే నేను మళ్లీ గోడ దగ్గరికి.

మిల్లులో ఆడవాళ్లు నాకు పేరు పెట్టారు. పెళ్లిచూపుల పిల్ల. "లేవండే, పెళ్లిచూపుల పిల్ల బయటికొస్తోంది, కొంగులు సర్దుకోండి" అని నవ్వుకునేవారు. ఆ పేరు పెట్టింది నాంచారమ్మ.

నాంచారమ్మకి నలభై అయిదేళ్లుంటాయి. పక్క ఊరినుంచి ఆటోలో వచ్చేది. స్టోరు గదిలోకి రాగానే అన్నం క్యారేజీ సంచిని నా పై మూలకి తగిలించేది. ఆరేళ్లు. వేరే మేకులున్నాయి గోడకి. అయినా నా మూలే. ఆ సంచి బరువు నాకు అలవాటైంది. రోజులో నా మీద ఏదైనా ఆనిందంటే అదొక్కటే. ఒకసారి ఆమె గురవయ్యని అడిగింది కూడా.

"ఏం గురవయ్యా, బిగించనిదానికి ఏటేటా రంగెందుకు?"

"నీకెందుకమ్మా? నీ క్యారేజీకి కొయ్య దొరికింది, చాల్లేదా?"

"నా కూతురికీ ఇంత సోకు చెయ్యలేదు నేను" అంది నాంచారమ్మ. అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆమె ఒక్కతే నావైపు కాసేపు చూసింది. నన్నొక వస్తువుగా కాదు, ఒక ప్రశ్నలా చూసిందని ఇప్పటికీ అనుకుంటాను. నా భ్రమే కావచ్చు. ఒంటరిగా ఉన్నవాళ్లు చూపుల్ని ఇలాగే దాచుకుంటారు.

సీజను మొదలయ్యేది దసరాతోనే. ఆ రోజు మిల్లంతా కడిగి, ప్రతిదానికీ పసుపు రాసి కుంకుమ పెడతారు. మిషన్లకి, కాటాకి, నిచ్చెనకి, ఇసక బకెట్లకి, సుత్తికి, స్పానరుకి, ఆఫీసు బీరువాకి, కంప్యూటరుకి. నేనున్న స్టోరు గది తలుపుకి, దాని తాళానికి కూడా. తాళం బయట, నేను లోపల. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినేదాన్ని, కర్పూరం వాసన తలుపు కిందనుంచి వచ్చేది. ఆరు దసరాలు నాకు ఎవరూ బొట్టు పెట్టలేదు. ద్వేషించినవాళ్లు కూడా మనల్ని కాస్త గుర్తుంచుకుంటారు. వీళ్లు నన్ను మరిచిపోయారు. నా పగకి వేరు అక్కడుంది. మిల్లుని కాపాడమని తాళాన్ని కూడా వేడుకున్నారు. కాపాడటానికే పుట్టినదాన్ని లోపల పెట్టి, తాళానికి దండం పెట్టారు.

పెద్ద మిషనుకి బొట్టు పెట్టేది నాంచారమ్మే. ఆమె చెయ్యి మంచిదని పానకాలరావుగారి నమ్మకం. బెల్టు తిరిగే చక్రం పక్కన నల్లటి బేరింగు డబ్బా ఉంటుంది. దాని మీద పసుపు రాసి, కుడిచేతి ఉంగరపు వేలితో కుంకుమ అద్దేది. పాత బొట్టు తుడవకూడదని ఆమె పట్టింపు. కిందటేడు బొట్టు జిడ్డు పట్టి నల్లబడినా దాని జోలికి పోకుండా, పక్కనే కొత్తది పెట్టేది. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తర్వాత చూశాను.

ఆరో దసరా దాటాక జనవరిలో పత్తి విరగబడి వచ్చింది. మిషను ఆపాలంటే గురవయ్యని అడగాలి. గురవయ్య ఆపనిచ్చేవాడు కాదు. కాబట్టి బెల్టు తిరుగుతుండగానే అంచున చుట్టుకున్న దూదిని వేళ్లతో లాగేసేవాళ్లు. అందరూ చేసేవాళ్లు. బాగా చేసేవాళ్లకి పేరు కూడా ఉండేది. నాంచారమ్మ చెయ్యి అందులోనూ మంచిదే అనేవారు.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఇంకా అరగంట ఉంది. బెల్టు చప్పుడు మారింది. ఆరేళ్లుగా గోడ వెనకనుంచి ఆ చప్పుడే వింటున్నదాన్ని. ముందు తడి గుడ్డ బండకేసి కొట్టినట్టు ఒక దెబ్బ. తర్వాత అరుపు. తర్వాత మిషను ఆగింది.

ఇప్పుడు చెప్పేది నాకే కష్టం. ఆ అరుపు విన్న మొదటి క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. సంతోషం. చూశారా, అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తుంది నేనెవరో. ఆరేళ్లుగా నేను కోరుకుంటున్నది సరిగ్గా ఇదేనని ఆ క్షణంలోనే అర్థమైంది. పగ పట్టినవాడు శత్రువు నాశనాన్ని మాత్రమే కోరుకుంటాననుకుంటాడు. నిజానికి అతను కోరుకునేది తను చెప్పింది నిజమైందని రుజువు కావడం. ఆ రుజువు ఎవరి ఒంటి మీద పడుతుందో ముందు అడగడు.

"నాంచారమ్మ చెయ్యే" అని బయట ఎవరో ఏడుస్తూ అన్నారు. నా మూలకి ఆమె క్యారేజీ సంచి వేలాడుతోంది.

పానకాలరావుగారు తన కారులోనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెనక సీటంతా పాడవుతుందని ఎవరో పట్టా తెస్తే, "ఎందుకురా, ముందు ఎక్కించండి" అని కసిరాడు. ఇది కూడా చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెబితే నాకూ ఆయనకీ తేడా ఉండదు. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

కారు వెళ్లిన గంటకే గురవయ్యకి అయ్యగారి ఫోన్ వచ్చింది, గార్డు బిగించెయ్యమని. స్టోరు తలుపు తెరుచుకుంది. సంచిని తీసి ఓ మేకుకి తగిలించబోయి, మళ్లీ నా మూలకే తగిలించి, తలుపు దగ్గర నిలబడిపోయాడు. కాసేపటికి, "రేపు చూద్దాం" అని వెళ్లిపోయాడు. ఆ సంచి మూడు రోజులు నా మీదే ఉంది. అన్నం పులిసింది. చీమలు నా కంతల్లోంచి బారు కట్టాయి. చిటికెన వేలు పట్టని కంతలు, చీమలకి దారులు. నాకు శిక్ష వేసింది ఎవరైనా ఉంటే ఆ చీమలే.

నాలుగో రోజు సంచి తీసేసి నాకు కొత్త రంగు వేశారు. కొత్త బోల్టులు తెచ్చారు, ఈసారి నాలుగూ. గురవయ్య కిరసనాయిలు గుడ్డతో చక్రం చుట్టూ తుడిచాడు. రక్తం తుడిచాడు, దూది తుడిచాడు, జిడ్డు తుడిచాడు. బేరింగు డబ్బా దగ్గరికి వచ్చి ఆగాడు.

"అయ్యగారూ, ఇక్కడ బొట్లున్నాయి. తుడిచెయ్యనా?"

పానకాలరావుగారు వంగి చూశాడు. ఆయన చెయ్యి దానంతటదే గుండెల మీదకి వెళ్లింది.

"అమ్మవారికి పెట్టినవి. ముట్టుకోకు. ఇప్పటికే జరిగింది చాలదా?"

తర్వాత నన్ను బిగించారు. ఆ పదకొండు రోజుల తర్వాత మళ్లీ ఇప్పుడే గట్టిగా బిగిసి, లోపలివైపుకి తీరిగ్గా చూస్తే అవి కనిపించాయి. ఒకే వరసలో ఆరు బొట్లు. మొదటిది తారులా నల్లగా, చివరిది ఇంకా ఎర్రగా. వాటిని పెట్టిన వేలు లేదు. నేను వాటికి జానెడు దూరంలో ఉన్నాను. నా పగ అప్పటిదాకా గాలిలో తిరిగేది. ఇప్పుడు దానికి కాలు పెట్టుకోవడానికి చోటు దొరికింది.

తనిఖీ ఆఫీసుకి పానకాలరావుగారి సంతకంతో ఉత్తరం వెళ్లింది. గార్డు బిగించే ఉందని, కార్మికురాలు సొంతంగా దాన్ని విప్పి చెయ్యి పెట్టిందని, మిల్లు తరఫున ఏ లోపమూ లేదని. గురవయ్య దాన్ని ఆడవాళ్లందరికీ చదివి వినిపించి, "అడిగితే ఇదే. అంతకుమించి ఒక్క మాట కూడా వద్దు. అందరం ఈ మిల్లు మీదే బతుకుతున్నాం" అన్నాడు. నాంచారమ్మ చెల్లెలి కూతురు సుభాషిణి కూడా ఆ వరసలో నిలబడి విన్నది. తలదించుకుంది. నాంచారమ్మకి చెయ్యి పోయింది, అది ఇక రాదు. ఇప్పుడు పోగొట్టుకున్నది కూడా తన తప్పేనని ఒప్పుకుంటే, మిగిలిన బతుకంతా ఆ తప్పు మోస్తూ తిరగాలి. అందుకే, తప్పు తనదేనని రాసి ఆసుపత్రికి పంపిన కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వెయ్యనంది. మిల్లులో అందరికీ ఆ సంగతి తెలుసు.

ఇన్‌స్పెక్టరు తొమ్మిదో రోజున వచ్చింది. హైమావతి అని, నడివయసావిడ. బొండాం వద్దంది. చేతికి కట్టుతో ఉన్న నాంచారమ్మని వెంటబెట్టుకుని నేరుగా మిషను దగ్గరికి వచ్చింది.

"గార్డు విప్పింది నువ్వేనా అమ్మా?"

"విప్పడానికి ఉండాలిగా మేడమ్‌గారూ" అంది నాంచారమ్మ.

గురవయ్య దగ్గాడు. ఆడవాళ్లు నేల చూశారు. పానకాలరావుగారు నెమ్మదిగా, బాధగానే అన్నాడు. "పాపం నొప్పిలో ఉంది మేడమ్. మీరు చూడండి, నాలుగు బోల్టులు. ఆరేళ్లుగా ఇక్కడే ఉంది."

ఆవిడ టార్చి వేసి నా కంతల్లోంచి లోపలికి చూసింది. వెలుగు ఆ వరస మీద పడి ఆగింది. "విప్పండి" అంది.

నన్ను విప్పి పక్కన పెట్టారు. కొత్త బోల్టులు అంత తేలిగ్గా రాలేదు. ఆవిడ వంగి ఒక్కొక్క బొట్టూ వేలితో చూపిస్తూ చూసింది.

"ఇవెవరు పెట్టారు?"

"నేనేనమ్మా, దసరాకి. ఏటా నేనే."

"అన్నీ ఉన్నాయే?"

"పాతవి తుడవను. తుడవకూడదుగా."

పానకాలరావుగారు కలగజేసుకున్నాడు. "పూజ రోజు గార్డు విప్పుతాం మేడమ్. పూజ కాగానే బిగించేస్తాం."

ఆవిడ నిటారుగా లేచింది. మిల్లు చుట్టూ ఒకసారి చూసింది. నిచ్చెన మీద బొట్టు. ఇసక బకెట్ల మీద బొట్టు. కాటా మీద, స్పానర్ల పెట్టె మీద. స్టోరు గది తాళం మీద కూడా. తర్వాత వచ్చి నా ముందు నిలబడింది.

"పూజకి దీన్ని విప్పి పక్కన పెట్టారు. పక్కనే ఉన్న నిచ్చెనకి పెట్టారు, తాళానికి పెట్టారు. దీనికి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ బొట్టు పెట్టలేదా?"

"మొన్న రంగు వేయించామండి" అన్నాడు గురవయ్య తొందరగా.

"ఓహో. బొట్లు తుడిచి రంగేశారా?" ఆవిడ గురవయ్యని అడగలేదు. పానకాలరావుగారిని అడిగింది. "మీరే చెప్పించారా తుడవమని?"

ఆయన నోరు తెరిచాడు. అవునంటే చాలు. ఒక్క మాటతో నా ఆరేళ్లూ, నాంచారమ్మ చెయ్యీ ఉత్తరంలో రాసినట్టే మిగిలిపోతాయి. ఆయన కళ్లు బేరింగు డబ్బా వైపు వెళ్లాయి. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఒక మనిషి చేతి గురించి అబద్ధం రాసి సంతకం పెట్టగలిగినవాడు, బొట్టు తుడిచానని అబద్ధం చెప్పలేకపోయాడు. మనుషుల్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించి నేను అలిసిపోయింది ఇక్కడే.

ఆ మౌనంలో సుభాషిణి తలెత్తింది.

"అది స్టోర్లోనే ఉండేదండి. మా పెద్దమ్మ దానికి క్యారేజీ తగిలించుకునేది. గీతలు పడ్డాయి చూడండి పై మూల, రంగు కింద."

గురవయ్య ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. వెనకనుంచి ఎవరో సన్నగా, "పెళ్లిచూపుల పిల్లండీ అది" అన్నారు. ఇంకెవరో ముక్కులోంచి నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆవిడ నా పై మూల మీద గోటితో గీకి చూసింది. పసుపుపచ్చ రంగు కింద సంచి తాడు రాపిడి ఉంది. ఆరేళ్ల గాడి.

ఆ సీజనంతా ఆ మిషను ఆగిపోయింది. కోర్టులో కేసు ఇప్పటికీ నడుస్తోంది, ఎప్పటికి తేలుతుందో నాకు తెలియదు. కానీ చెయ్యి పోవడంలో కార్మికురాలి తప్పు లేదని నివేదికలో రాత పడింది. సుభాషిణి ఆ వాక్యం చదివి వినిపిస్తే, నాంచారమ్మ రెండోసారి చదవమందట.

ఇప్పుడు నేను నా చోట ఉన్నాను. నాలుగు బోల్టులు. గంటకోసారి మిషను ఆపి, విప్పి, దూది తీసి, బిగిస్తారు. గురవయ్య ప్రతిసారీ నన్ను తిడతాడు. ఆ తిట్లు నాకు ఎంత రుచిగా ఉంటాయో చెప్పలేను. పగ తీర్చుకోవడమంటే ఏదో ఒక పెద్ద రోజు వస్తుందనుకునేదాన్ని. కాదు. గంటకోసారి, నాలుగు బోల్టులు.

మొన్న ఏడో దసరా వచ్చింది. పానకాలరావుగారు పళ్లెం పట్టుకుని అందరికన్నా ముందు నా దగ్గరికే వచ్చాడు. నా చట్రానికి బొత్తిగా ఖాళీ లేకుండా పసుపు రాసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. ఆరేళ్లు నేను అడిగింది ఇదే. వచ్చాక నాకేమీ అనిపించలేదు. భయపడ్డ మనిషి వేలు చల్లగా ఉంటుంది, అంతే తెలిసింది.

సుభాషిణి చెయ్యి పట్టుకుని నాంచారమ్మ కూడా వచ్చింది. ఆడవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. ఆమె నన్ను పైనుంచి కిందకి చూసింది. తర్వాత కొంగు చివర ఎడమచేత్తో పట్టుకుని, ఆయన పెట్టిన బొట్టుని శుభ్రంగా తుడిచేసింది.

"పెద్దమ్మా, తుడవకూడదే" అంది సుభాషిణి భయంగా.

"ఇది దీనికి పెట్టింది కాదే. ఆ ఇన్‌స్పెక్టరమ్మకి పెట్టాడు."

ఎవరూ నవ్వలేదు. పానకాలరావుగారు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాంచారమ్మ కుంకుమ కోసం అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపింది. మణికట్టు దగ్గర ముగిసిపోయిన ఆ చెయ్యి, ఆయన పట్టుకున్న పళ్లెం మీద, ఆయన కళ్ల ముందు ఆగింది. వెనక్కి తీసుకోలేదు. ఆయన చూపు పక్కకి తిప్పబోయాడు. పళ్లెం ఆయన చేతుల్లోనే ఉంది, ఎక్కడికి తిప్పుతాడు? చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పళ్లెంలో దీపం వణికింది.

అప్పుడామె ఎడమచేతి వేలు ముంచి నాకు బొట్టు పెట్టింది. వంకరగా పడింది. ఎవరూ దాన్ని తుడవరు.